పెళ్లికి మేళం, బ్యాండు ఎలా మాట్లాడుకోవాలి?

ప్రశ్న: వచ్చే మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. గుంటూరు శివార్లలో ఒక కన్వెన్షన్ హాలు తీసుకున్నాం. లోపల ఏసీ హాలు, బయట పచ్చిక మైదానం ఉన్నాయి. సాయంత్రం ఏడింటికి రిసెప్షన్, రాత్రి 10 గంటల 48 నిమిషాలకు ముహూర్తం. రిసెప్షన్‌లో లైవ్ బ్యాండు ఉండాల్సిందేనని అమ్మాయి పట్టుబడుతోంది. మగపెళ్లివారిది వరంగల్, ఎదురుకోలుకు డప్పులు కావాలన్నారు. మావారేమో పెన్‌డ్రైవ్‌లో పాటలు వేస్తే చాలదా అంటున్నారు. బ్యాండు, మేళం, సౌండు అన్నీ ఒకే ప్యాకేజీలో ఇస్తామని ఒక ఈవెంట్ సంస్థ చెప్పింది. అందులో మేళానికి ఇద్దరే వస్తారట. పాటల లైసెన్సు పేరుతో అదనంగా రుసుము కూడా అడుగుతున్నారు. మా అత్తగారికి ఎనభై రెండేళ్లు, పెద్ద శబ్దాలు పడవు. ఎవరిని పెట్టుకోవాలి, ఏమేమి అడగాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ముందుగా అమ్మాయికి నా ఆశీస్సులు.

మీ ఉత్తరంలో నా కళ్లు ఆగిపోయింది ముహూర్త సమయం దగ్గర. రాత్రి పది దాటాక ముహూర్తం అంటే, ఏ బ్యాండు, ఎంతమంది అన్న ఆలోచన కన్నా ముందు ఎవరు ఎక్కడ వాయించాలో తేల్చుకోవాలి. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు మోగకూడదు. 2010లో చేసిన సవరణతో సంగీత వాద్యాలకు కూడా అదే నియమం వర్తిస్తోంది. కల్యాణ మండపం, బాంక్వెట్ హాలు వంటి మూసి ఉన్న చోట్ల, లోపలివారికి వినిపించేంత వరకే మినహాయింపు. పండుగలు, ఉత్సవాల కోసం అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉన్నా, అది ఏడాదిలో 15 రోజులకు మించకూడదు. మీ పెళ్లిరోజు ఆ పదిహేనులో ఒకటి అవుతుందని నమ్ముకోకండి. పదిలోపు మైకు పెట్టాలన్నా రాతపూర్వక అనుమతి ఉండాలి. హాలువారు ‘అదంతా మేం చూసుకుంటాం’ అంటారు. చూసుకోనివ్వండి, కానీ అనుమతి కాగితం నకలు మీ చేతికి ఇమ్మనండి. కచేరీ మధ్యలో పోలీసులు వచ్చి ఆపించిన పెళ్లిళ్లు ఉన్నాయి. ఆ చిన్నబుచ్చుకోవడం పెళ్లివారికే గానీ హాలువారికి కాదు.

కాబట్టి రిసెప్షన్ బయట పచ్చికలో పెట్టుకుని తొమ్మిదిన్నరకల్లా పాట ముగించండి. ముహూర్తం లోపల హాల్లో జరిపించండి. ఇలా విడదీయడంలో మరో మేలుంది. రెండూ ఒకే వేదిక మీద జరిగితే, బ్యాండువారి తీగలు, పెట్టెలు, స్పీకర్లు తీసేదాకా మండపం సర్దడం కుదరదు. ఒకవైపు పురోహితులు కలశం ఎక్కడ పెట్టాలని అడుగుతుంటారు, మరోవైపు కుర్రాళ్లు వైర్లు చుట్టుకుంటుంటారు. ముహూర్తానికి గంట ముందు ఆ హడావిడి ఏ ఇంటికీ వద్దు.

ఇక మీవారి పెన్‌డ్రైవ్ మాట. అందులో తప్పేమీ లేదు. భోజనాల దగ్గర సన్నగా వినిపించడానికి అది చాలు, అక్కడ మనుషుల్ని కూర్చోబెట్టి పాడించడం వాళ్లకూ న్యాయం కాదు. కానీ వేదిక దగ్గర సంగతి వేరు. మన పెళ్లిళ్లలో ఏదీ అనుకున్న నిమిషానికి జరగదు. అమ్మాయి గదిలోంచి బయలుదేరిందంటారు, ఇంతలో పూలజడ జారుతుంది, మేనత్త పిన్నులు వెతుకుతుంది, పది నిమిషాలు పోతాయి. పెన్‌డ్రైవ్ పాట తన మానాన తను అయిపోయి, అమ్మాయి అడుగుపెట్టే సమయానికి ఎక్కడిదో సంబంధం లేని పాట మొదలవుతుంది. కీబోర్డు దగ్గర కూర్చున్న మనిషి అయితే ద్వారం వైపు చూస్తూ ఆ పల్లవినే తిప్పి తిప్పి వాయిస్తాడు. తబలావాడు చెయ్యి తేలిక చేస్తాడు. అమ్మాయి కనిపించగానే కీబోర్డువాడు తల ఊపుతాడు, గాయని పాట అందుకుంటుంది. ఎదురుగా జరుగుతున్నదాన్ని చూసి వాయించే మనుషుల కోసమే లైవ్ బ్యాండుకు డబ్బు పెట్టాలి.

అందుకే మీరు అడగవలసిన మొదటి ప్రశ్న: ‘వాయిస్తారా, ట్రాక్ మీద పాడతారా?’ ఈ మధ్య లైవ్ బ్యాండు అని రాసి ఇచ్చే చాలామంది దగ్గర ఉండేది ఇద్దరు గాయకులు, ఒక ల్యాప్‌టాప్. వాద్యాలన్నీ ముందే రికార్డు చేసిన ట్రాక్‌లోంచి వస్తాయి, గిటారు పట్టుకున్న కుర్రాడు ఫొటోల కోసం నిలబడతాడు. ట్రాక్ మీద చక్కగా పాడేవారున్నారు, వారిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. పైగా దానికి ఒక ధర, ఆరుగురు వాయించే జట్టుకు ఒక ధర ఉండాలి. ఏది కొంటున్నారో తెలిసి కొనండి.

తేల్చుకునే మార్గం తేలికే. వాళ్ల ప్రచార వీడియోలు చూడకండి, వాటిలో ధ్వని తర్వాత స్టూడియోలో కలిపినదై ఉంటుంది. ఈ మధ్య వాయించిన ఏదైనా పెళ్లిలో అతిథి ఎవరో ఫోనుతో తీసిన వీడియో అడగండి, కోతలు లేకుండా ఒక పాట మొత్తం. లేదా వాళ్లు సాధన చేసే చోటికి అమ్మాయిని తీసుకుని వెళ్లండి. ఒక పాట పాడించి, అదే పాటను ఒక శ్రుతి తగ్గించి మళ్లీ ఎత్తుకోమని మర్యాదగా అడగండి. నిజంగా వాయించే జట్టు అప్పటికప్పుడు మార్చి అందుకుంటుంది.

రిసెప్షన్‌కు ఇద్దరు గాయకులు, కీబోర్డు, తబలా లేదా డోలక్, రిథమ్ ప్యాడ్, వేణువు లేదా వయొలిన్ ఉంటే నిండుగా ఉంటుంది. అమ్మాయికి గిటారు ఇష్టమైతే కలపండి. పెద్ద డ్రమ్స్ సెట్టు మాత్రం వద్దంటాను. చుట్టాలు ఏళ్ల తర్వాత కలిసేది ఇలాంటి చోటే. వాళ్లు అరుచుకుంటూ మాట్లాడుకోవలసి వస్తే పాట మీదే విసుగు పుడుతుంది. పాటల జాబితా మూడు వారాల ముందు ఇవ్వండి. రెండున్నర గంటల్లో, మధ్యలో విరామం పోగా, ఇరవై పాతిక పాటలు పడతాయి. మీరు ఏడెనిమిది తప్పనిసరివి రాసి, మిగతావి వాళ్లకు వదిలేయండి. సభను చూసి పాట ఎంచుకోవడం వాళ్లకు తెలిసిన విద్య.

సౌండు గురించి ఈవెంట్ సంస్థలు చెప్పేది వాట్ల లెక్క. మీరు అడగవలసినవి వేరే. కళాకారుల వైపు తిప్పి పెట్టే మానిటర్ స్పీకర్లు ఉన్నాయా? అవి లేకపోతే గాయనికి తన గొంతే వినపడదు, శ్రుతి తప్పుతుంది, తప్పు ఆమెదే అనిపిస్తుంది. లైట్లకు, సంగీతానికి కరెంటు లైన్లు వేరువేరుగా ఇస్తారా? ఒకే లైను మీద వేస్తే స్పీకర్లలో గుర్రుమనే మోత మొదలై కచేరీ అంతా వదలదు. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది క్షణాలకు కీబోర్డు ఆగిపోతే, మళ్లీ తెరుచుకుని స్వరాలు సర్దుకునేసరికి పాట చచ్చిపోతుంది. కీబోర్డుకు, మిక్సర్‌కు యూపీఎస్ ఉండాలని కాగితం మీద రాయించండి. అతిథులు రాకముందే సౌండ్ చెక్ పూర్తవ్వాలి కాబట్టి నాలుగింటికల్లా వేదిక వాళ్ల చేతికి ఇవ్వండి. పూల అలంకరణవారు ఆరింటిదాకా నిచ్చెనలు వేసుకుని అక్కడే ఉంటే మీ డబ్బు సగం వృథా.

ఇప్పుడు మేళం. మీ ఉత్తరంలో నాకు బాధ కలిగించింది ‘మేళానికి ఇద్దరే వస్తారట’ అన్న మాట. అసలు పెళ్లికి లైవ్ బ్యాండు అంటే మనకు తరతరాలుగా ఉన్నది సన్నాయి మేళమే. అది లేకుండా తాళి కట్టించే ఇల్లు లేదు. అయినా ఖర్చు తగ్గించాలనగానే మొదటి కోత దాని మీదే పడుతోంది. ఒక నాదస్వరం, ఒక డోలు పెడితే లెక్కకు మేళం ఉన్నట్టే. కానీ ఎదురుకోలు నుంచి అప్పగింతల దాకా గంటల తరబడి ఒక్క మనిషి ఊపిరి ఎలా సరిపోతుంది? రెండు నాదస్వరాలుంటే ఒకరు స్వరం నిలిపితే ఇంకొకరు సంగతి వేస్తారు, ఒకరు ఆగితే ఇంకొకరు అందుకుంటారు. రెండు నాదస్వరాలు, రెండు డోళ్లు, తాళం, శ్రుతి: ఇదీ నిండు మేళం. ఈ ఒక్కచోట చెయ్యి బిగపట్టకండి. అవసరమైతే పూల తోరణాల్లో ఒక వరస తగ్గించండి.

మీరున్న ప్రాంతం ఈ విద్యకు పుట్టిల్లు లాంటిది. చిలకలూరిపేట చుట్టుపక్కల, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా నాదస్వరాన్ని ఉపాసిస్తున్నాయి. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా శ్రీరంగంలో స్థిరపడి, తమిళ విద్వాంసుల మధ్య తెలుగువాడి నాదస్వరానికి పీట వేయించారు. మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 2020 సంవత్సరపు పద్మశ్రీ పొందిన నాదస్వర విద్వాంసులు కాలీషాబి, షేక్ మహబూబ్ సుభానీ దంపతుల మూలాలూ మన తెలుగునేలవే. ఇంత దగ్గర ఇంత విద్య పెట్టుకుని ప్యాకేజీలో వచ్చే ఎవరో ఇద్దరితో సరిపెట్టుకోవడం ఎందుకు? మీ ఊరి పెద్ద గుడికి వెళ్లి, ఉత్సవాలకు ఎవరు వాయిస్తారో అర్చకులను అడగండి. విజయవాడలోని ఘంటసాల ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో విచారించినా దారి దొరుకుతుంది. విద్వాంసులతో మధ్యవర్తి లేకుండా నేరుగా మాట్లాడండి. మీరిచ్చేది మొత్తం వాళ్ల చేతికే అందుతుంది, వచ్చేది ఎవరో మీకూ తెలుస్తుంది.

వాళ్లను ఎక్కడ కూర్చోబెడతారో ఇప్పుడే నిర్ణయించండి. హాలుల్లో మేళాన్ని అలంకరణ తెర వెనక్కో, ఏసీ గాలి నేరుగా కొట్టే మూలకో నెట్టేస్తున్నారు. నాదస్వరానికి ప్రాణం దాని పీక. చిన్న రెల్లు ముక్క, నోటి తడితో మెత్తబడితేనే పలుకుతుంది. వాద్యానికి దారంతో నాలుగైదు పీకలు వేలాడుతుంటాయి చూడండి, ఒకటి మొరాయిస్తే ఇంకొకటి తొడగడానికే. చల్లటి పొడిగాలి దాన్ని బిగుసుకుపోయేలా చేస్తుంది. డోలు చర్మానికీ ఆ గాలి పడదు. అన్నిటికన్నా ముఖ్యం, డోలు విద్వాంసుడికి పురోహితుడి చెయ్యి కనిపించాలి. జీలకర్రబెల్లం పెట్టే క్షణానికి, మాంగల్యధారణకు పురోహితుడు చెయ్యెత్తగానే గట్టిమేళం మోగాలి. ఆ సమయంలో తుమ్ముగానీ అశుభపు మాటగానీ చెవిన పడకూడదని పెద్దలు పెట్టిన ఏర్పాటు అది. ఒక చేతిలో కర్ర, రెండో చేతి వేళ్లకు గట్టి తొడుగులు వేసుకుని డోలు విద్వాంసుడు పురోహితుడి చేతి కోసమే కళ్లు పెట్టుకుని చూస్తుంటాడు. సరిగ్గా అప్పుడే నలుగురు ఫొటోగ్రాఫర్లు మధ్యలో నిలబడతారు. ఫొటోలవారికి ముందురోజే చెప్పండి, మేళానికీ మండపానికీ మధ్య ఎవరూ నిలబడకూడదని. మూసిన హాల్లో నాదస్వరానికి మైకు పెట్టనివ్వకండి. ఆ వాద్యం ఆరుబయట రథోత్సవాల్లో వినపడేలా పుట్టింది. మైకు పురోహితులకు ఒక్కటి చాలు.

ఏం వాయించాలో వాళ్లకు వదిలేయడమే మంచిది. నాట రాగంతో మొదలుపెట్టి, కల్యాణి, మోహన, ఆనందభైరవి మీదుగా నడిపి, మధ్యమావతితో మంగళం పాడటం వాళ్లకు ఒకరు చెప్పవలసిన పని కాదు. తలంబ్రాల దగ్గర పిల్లలు సినిమా పాటలు అడుగుతారు. అడగనివ్వండి, అదొక సరదా, విద్వాంసులు కూడా కాదనరు.

వరంగల్ వారు డప్పులు అడగడం నాకు ఎంతో నచ్చింది. వియ్యంకుల తరఫు నుంచి తెలిసిన జట్టునే పిలిపించమనండి, ఆ దరువు వాళ్ల చేతుల్లోనే ఉంది. దారి ఖర్చులు, బస ఎవరివన్నది రెండు కుటుంబాలూ ముందే మాట్లాడుకోండి. తోలు డప్పును మంట దగ్గర కాచితేనే బిగిసి ఖంగుమంటుంది. చాలా హాలుల్లో నిప్పు పెట్టనివ్వరు. గేటు బయట చిన్న మంటకు చోటు, పక్కన రెండు బకెట్ల నీళ్లు ఏర్పాటు చేయండి. ఎదురుకోలు కూడా ఎనిమిదిలోపే జరిపించండి. బ్యాండు, డప్పులు ఒకదాని మీద ఒకటి పడితే రెండూ పాడవుతాయి. డప్పులు మోగే ఆ ఇరవై నిమిషాలూ వేదిక మీద పాట ఆపించండి, బ్యాండువారికి అదే విరామం అవుతుంది.

ఇంకొక మాట గట్టిగా చెబుతాను. డప్పు కళాకారులకు, మేళంవారికి, బ్యాండువారికి అందరితో పాటు బంతిలోనే భోజనం పెట్టించండి. వంటశాల వెనక పొట్లాలు చేతిలో పెట్టి పంపే అలవాటు ఇంకా పోలేదు. అందులో కులం పాత్ర ఎంతో మనందరికీ తెలుసు. మీ ఇంట్లో అది జరగకుండా చూసే బాధ్యత మీది. రాత్రి వాయించేవాళ్లు ముహూర్తానికి ముందే తినేలా తొమ్మిదింటికి పిలవండి. పదకొండు తర్వాత వెళితే మిగిలేది పెరుగన్నమే.

పాటల లైసెన్సు రుసుము ఇవ్వనవసరం లేదు. కాపీరైట్ చట్టం, 1957లోని 52వ సెక్షన్ మతపరమైన వేడుకల్లో పాటలు వాయించడాన్ని ఉల్లంఘనగా చూడదు. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలు కూడా అందులోకే వస్తాయని ఆ సెక్షన్‌లోనే వివరణ ఉంది. 2023 జూలైలో కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ బహిరంగ ప్రకటన ఇచ్చి మరీ ఈ సంగతి గుర్తుచేసింది. రిసెప్షన్ పెళ్లి వేడుకే. ఆ సంస్థవారు మళ్లీ అడిగితే ఏ నిబంధన కింద అడుగుతున్నారో రాసి ఇమ్మనండి.

ఒప్పందం ఒక పేజీ చాలు, కానీ కాగితం మీద ఉండాలి. వచ్చే కళాకారుల పేర్లు రాయించండి. మంచి ముహూర్తాల రోజుల్లో ఒకే పేరుతో జట్టును రెండుగా చీల్చి రెండు ఊళ్లకు పంపుతుంటారు, మీరు విన్న గాయని ఇంకెక్కడో పాడుతుంటుంది. వచ్చే సమయం, ముగించే సమయం, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే బదులు ఎవరు వస్తారు, ముహూర్తం మారితే అడ్వాన్సు ఏమవుతుంది – ఇవి ఉండాలి. మిగతా డబ్బు కవర్లలో పెట్టి మీ తమ్ముడి చేతికో మరిది చేతికో ముందే ఇచ్చి ఉంచండి. అప్పగింతల దగ్గర మీరు కళ్లు తుడుచుకుంటూ ఉంటారు. ఆ సమయంలో డబ్బు ఎవరిని అడగాలో తెలియక మేళంవారు తెల్లవారుజామున చెప్పుల స్టాండు దగ్గర నిలబడటం నేను ఎన్నో పెళ్లిళ్లలో చూశాను. వాయించడం అయిన వెంటనే తాంబూలంలో పెట్టి ఇవ్వాలి. ప్రధాన విద్వాంసులకు ఒక పంచె చాపు కూడా ఇస్తే అది మీ ఇంటి మర్యాద.

మీ అత్తగారి సంగతి. పచ్చికలో ముందు రెండు పెద్ద స్పీకర్లు పెట్టి దూరానికి వినపడాలని మోత పెంచితే ముందు వరసలో పెద్దవాళ్లు బలవుతారు. అదే ధ్వనిని నాలుగు చిన్న స్పీకర్లతో అక్కడక్కడ స్టాండ్ల మీద పెట్టి పంచమనండి. ఎక్కడా మోత ఉండదు, అందరికీ మాట తెలుస్తుంది. ఆవిడ కుర్చీ వేదికకు పక్కగా, స్పీకర్ల వరసకు వెనక వేయించండి, మనవరాలు అక్కడినుంచి బాగానే కనిపిస్తుంది. సౌండువాడికి ఆవిడను చూపించి, ‘ఈవిడకు ఇబ్బంది కలిగితే తగ్గించాలి’ అని చెప్పండి. మనిషిని చూపించి చెబితే గుర్తుంటుంది. లోపల ముహూర్తం దగ్గర డోలుకు పది పన్నెండు అడుగుల దూరం ఉంచి, గట్టిమేళానికి ముందు పక్కనున్నవాళ్లు ఆవిడకు చెబితే సరిపోతుంది, ఉలికిపడరు.

పుష్యంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి మాఘం రాగానే అందరూ ఒకేసారి మేళాల మీద పడతారు. అందుకే మొదటి ఫోను మేళానికి చేయండి, ఈ వారంలోనే. వీలైతే మీవారిని వెంటబెట్టుకుని వెళ్లి అడ్వాన్సు స్వయంగా ఇచ్చి రండి. అది ఖాయమయ్యాక బ్యాండు, బ్యాండువారితో మాట్లాడి వాళ్లకు అలవాటున్న సౌండు మనిషి. డప్పుల సంగతి వియ్యంకులతో. ఈవెంట్ సంస్థకు పూలు, లైట్లు, కుర్చీలు అప్పగించండి, ఆ మూడింటికే లెక్క వేసి ఇమ్మని అడగండి.